పై అంతస్తుకు తాళం, నెలకు పన్నెండు వేలు: రివర్స్ మార్ట్‌గేజ్ లోన్ ఎవరికి పనికొస్తుంది?

పాత కాలనీల్లో కనిపించే ఇల్లు ఇది. రెండు వందల గజాల స్థలం, కింద మూడు గదులు, పైన మూడు గదులు. కట్టినప్పుడు ఇంట్లో ఏడుగురు. ఇప్పుడు ఇద్దరు, ఇద్దరికీ డెబ్బై దగ్గర పడింది. పైకి మెట్లెక్కడం మానేసి ఏళ్లయింది. ఇంటి విలువ కోటి పలుకుతుంది, చేతిలో మాత్రం నెల గడవడానికి సరిపడా రొక్కం లేదు. అదే వీధిలో ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు హాస్టల్ గదిలో నలుగురేసి ఉంటున్నారు, పెళ్లైన జంటలు రెండు గదుల పోర్షన్ కోసం తిరుగుతున్నాయి.

పెద్దవాళ్ల సమస్యకు ప్రభుత్వం చూపించిన దారి రివర్స్ మార్ట్‌గేజ్ లోన్. 2007–08 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అదే ఏడాది నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంత కాలమైనా జనంలోకి వెళ్లలేదు. మనవాళ్లకు ఇల్లంటే మమకారం, అందుకే తీసుకోరని ఒక మాట వినిపిస్తుంటుంది. మమకారం నిజమే. కానీ కాగితం మీద లెక్క వేసి చూస్తే అసలు కారణం పథకంలోనే ఉంది. ఇది పెద్దవాళ్లకు తక్కువ ఇస్తుంది, కుర్రాళ్లకు అసలేమీ ఇవ్వదు. రెండింటి వెనకా ఉన్నది ఒకే నిబంధన.

ముందు పథకం ఎలా నడుస్తుందో చూద్దాం. మామూలు ఇంటి లోన్‌లో మనం బ్యాంకుకు నెలనెలా కడతాం, ఇక్కడ బ్యాంకు మనకు కడుతుంది. ఇల్లు మన పేరు మీదే ఉంటుంది, మనమే అందులో ఉంటాం. అప్పు మీద వడ్డీ పేరుకుంటూ పోతుంది. బతికుండగా తీర్చక్కర్లేదు. భార్యాభర్తల్లో ఆఖరివారు పోయాక, లేదా ఇల్లు వదిలి శాశ్వతంగా వేరే చోటికి వెళ్లాక, బ్యాంకు ఇల్లు అమ్మి తన బాకీ తీసుకుని మిగిలింది వారసులకు ఇస్తుంది. వారసులు బాకీ కట్టేసి ఇల్లు నిలుపుకోవచ్చు, మొదటి హక్కు వాళ్లదే.

అర్హతకు 60 ఏళ్లు నిండాలి. జంటగా తీసుకుంటే ఒకరికి 60, రెండోవారికి 55 దాటాలి. ఇల్లు స్వార్జితం కావాలి, అందులోనే కాపురం ఉండాలి. కట్టడానికి ఇంకా కనీసం ఇరవై ఏళ్ల ఆయుష్షు ఉందని ఇంజనీరు రాసివ్వాలి. షాపులు, ఆఫీసులు పనికిరావు. పెన్షన్ ఉందా, జీతం ఉందా అని ఎవరూ అడగరు.

ఎంత ఇస్తారన్నది వయసును బట్టి మారుతుంది. మార్గదర్శకాల్లో సూచించిన పట్టిక ప్రకారం 60–65 ఏళ్ల వారికి ఇంటి విలువలో 40 శాతం, 66–70 వారికి 50, 71–75 వారికి 55, 75 దాటితే 60 శాతం. బ్యాంకును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. నెలసరి చెల్లింపు 50,000 రూపాయలు మించకూడదు, గడువు ఎక్కువలో ఎక్కువ 20 ఏళ్లు. ఒకేసారి పెద్ద మొత్తం కావాలంటే వైద్యం వంటి అవసరానికే ఇస్తారు. అదీ అర్హత మొత్తంలో సగం దాటకుండా, 15 లక్షల లోపు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. కోటి ఇంటికి 50 శాతం అంటే చేతికి 50 లక్షలు వస్తాయనుకుంటారు. రావు. ఆ 50 లక్షలు గడువు ముగిసేనాటికి అసలు, వడ్డీ కలిపి చేరే బాకీ మొత్తం. వడ్డీ 10 శాతం అనుకుని లెక్క వేద్దాం. 68 ఏళ్ల దంపతులు, కోటి ఇల్లు, 15 ఏళ్ల గడువు. నెలకు వచ్చేది సుమారు 12,060 రూపాయలు. పదిహేనేళ్లలో చేతికి అందేది 21.7 లక్షలు, మిగతా 28.3 లక్షలు వడ్డీ. గడువు పెంచుకుంటే ఇంకా తగ్గుతుంది. 20 ఏళ్లకైతే నెలకు 6,580 మాత్రమే, మొత్తం 15.8 లక్షలు. పదేళ్లకు కుదించుకుంటే నెలకు 24,400, కానీ 78 ఏళ్లకు ఆగిపోతుంది.

పైగా ఈ మొత్తం పెరగదు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే పదిహేనో ఏట ఆ 12,060 రూపాయలతో కొనగలిగేది ఈ రోజు 5,000 రూపాయలకు దొరికేంతే. మందుల బిల్లు ఎక్కువయ్యేది కూడా ఆ వయసులోనే. కనీసం అయిదేళ్లకోసారి ఇంటి విలువ మళ్లీ కట్టాలన్న నియమం ఉంది. పెరిగిన విలువకు తగ్గట్టు చెల్లింపు పెంచమని అడగవచ్చు. అడగకపోతే ఎవరూ గుర్తు చేయరు. సంతకం చేసిన తేదీ పక్కనే ఆ అయిదో ఏడాది తేదీ కూడా రాసిపెట్టుకోవాలి.

గడువు అయిపోయాక డబ్బు ఆగుతుంది, ఇల్లు ఖాళీ చేయమనరు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పై లెక్కలోని 50 లక్షల బాకీ మరో అయిదేళ్లకు 82 లక్షలు దాటుతుంది. దీనికి భయపడాల్సిన పని లేదు. బాకీ ఎంత పెరిగినా ఇల్లు అమ్మితే వచ్చేదానికి మించి వారసుల దగ్గర వసూలు చేయకూడదన్నది పథకంలో ఉన్న గట్టి రక్షణ. ఇంటి విలువ ఏటా 5 శాతం పెరిగినా ఇరవై ఏళ్లకు కోటి ఇల్లు 2 కోట్ల 65 లక్షలవుతుంది. బాకీ పోను పిల్లలకు మిగిలేది తక్కువేమీ కాదు. ‘మా ఇల్లు బ్యాంకు తినేస్తుంది’ అనే పిల్లలకు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపిస్తే సగం గొడవ తగ్గుతుంది.

పన్ను విషయంలో పథకం శుభ్రంగా ఉంది. 2008లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించారు. నెలనెలా వచ్చేది లోన్ కాబట్టి ఆదాయం కింద లెక్కకు రాదు. తనఖా పెట్టడాన్ని ఇల్లు అమ్మినట్టుగా చూడరు. ముందుగా తీర్చేసినా పెనాల్టీ లేదు. పత్రాలు రాసిన తర్వాత మూడు పనిదినాల్లో వద్దనుకుని రద్దు చేసుకునే వీలు కూడా ఉంది. జంట పేరు మీద కాకుండా ఒక్కరి పేరు మీద తీసుకోవడం మాత్రం చేయకూడని తప్పు. ఇల్లు భర్త పేరు మీద ఉందని ఆయనొక్కడే సంతకం పెడితే, ఆయన పోయిన రోజే లోన్ తీర్చాల్సిన గడువు మొదలవుతుంది. భార్యను తప్పకుండా సహ రుణగ్రహీతగా చేర్చాలి.

2009లో బీమా కంపెనీ ద్వారా జీవితాంతం డబ్బు వచ్చే రకం కూడా తెచ్చారు. గడువు తర్వాత ఆగిపోవడమనే లోపానికి అది సరైన మందు. కానీ దాని గురించి తెలిసిన బ్యాంకు శాఖ దొరకడమే కష్టం.

ఇక అన్నిటికన్నా పెద్ద లోపం. లోన్‌ను మధ్యలోనే వెనక్కి తీసుకునే సందర్భాలు మార్గదర్శకాల్లో కొన్ని రాశారు. ఏడాదిపాటు వరసగా ఇంట్లో లేకపోవడం, ఇంటి పన్ను కట్టకపోవడం, బీమా చేయించకపోవడం, మరమ్మతులు వదిలేయడం. ఇవన్నీ న్యాయమే. వీటి పక్కనే మరొకటి ఉంది: తనఖా భద్రతకు దెబ్బ తగిలేలా ఇల్లు మొత్తం గానీ కొంత భాగం గానీ అద్దెకివ్వడం.

అద్దెకున్నవాళ్లు రేపు ఖాళీ చేయకపోతే ఇల్లు అమ్ముకోలేమన్నది బ్యాంకు భయం. భయం అర్థమవుతుంది, దాని ఫలితమే అన్యాయం. పై మూడు గదుల పోర్షన్ నెలకు 15,000కు పోతుందనుకోండి. లోన్ ఇచ్చే 12,060 కన్నా ఎక్కువ, వడ్డీ లేదు, ఏటా కొంత పెరుగుతుంది. అలాంటి పోర్షన్‌కు తాళం వేయించి, దానికన్నా తక్కువ డబ్బును అప్పుగా చేతిలో పెట్టడం ఈ పథకం చేసే పని. పెద్దవాళ్లకు రెండూ కలిపి 27,000 వచ్చే చోట 12,000 వస్తోంది. ఒక కొత్త జంటకు దొరకాల్సిన పోర్షన్ దొరకడం లేదు.

ఇళ్ల కొరత లెక్కలు చూస్తే ఈ తాళం ఎంత ఖరీదైనదో తెలుస్తుంది. 2012లో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం దేశంలోని పట్టణాల్లో 1.88 కోట్ల ఇళ్ల కొరత ఉందని తేల్చింది. అందులో దాదాపు కోటిన్నర, తలదాచుకోను కప్పు లేని కుటుంబాలవి కావు, ఇరుకింట్లో కుక్కుకుని బతుకుతున్న కుటుంబాలవి. 2011 జనాభా లెక్కల్లో పట్టణాల్లో 1.11 కోట్ల ఇళ్లు ఖాళీగా కనిపించాయి. మనుషులున్న ఇంట్లో తాళం పడిన పై అంతస్తు ఆ కోటీ పదకొండు లక్షల్లో లెక్కకు రాదు. కింద దీపం వెలుగుతోంది కాబట్టి ఆ ఇల్లు నిండుగా ఉన్నట్టే లెక్క.

‘ముసలివాళ్లు ఇళ్లు పట్టుకుని కూర్చున్నారు’ అనే మాట ఈ మధ్య కుర్రాళ్ల నోట వినిపిస్తోంది. తప్పు మనుషుల మీద వేస్తున్నారు. ఆ ఇల్లు ఏడుగురి కోసం కట్టింది. రెక్కలొచ్చి ఎగిరిపోయింది పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నచోటే ఉన్నారు. అద్దెకిస్తే లోన్ పోతుంది, అమ్మితే ఖర్చులు మీద పడతాయి, ఊరికే ఉంటే డబ్బు లేదు. ఇలా మూడు దారుల్లోనూ అడ్డం పెట్టి, గదులు ఖాళీ చేయలేదని వాళ్లను నిందించడం తగదు. కుర్రాళ్ల కోపం నిబంధన మీదికి మళ్లాలి.

సింగపూర్‌లో 2009 నుంచి లీజ్ బైబ్యాక్ అని ఒక పథకం నడుస్తోంది. 65 దాటినవాళ్లు తమ ఫ్లాట్ లీజులో తాము ఉండబోయే సంవత్సరాలు ఉంచుకుని, మిగతా కాలాన్ని ప్రభుత్వ గృహ సంస్థకే తిరిగి అమ్ముతారు. ఆ డబ్బు రిటైర్మెంట్ ఖాతాలోకి వెళ్లి జీవితాంతం ఆదాయంగా వస్తుంది. పెద్ద ఫ్లాట్లకు కూడా 2019 జనవరి నుంచి వర్తింపజేశారు. తాము ఉంటూనే ఖాళీ పడకగదులు అద్దెకిచ్చుకునే వీలుంది. భూమి, లీజు పద్ధతి మనకు వేరు, అచ్చంగా తెచ్చుకోలేం. ఆ ఒక్క వీలు మాత్రం తెచ్చుకోవచ్చు.

కోటి ఇంటి దంపతులకు చిన్న ఇంటికి మారడం ఎంత లాభమో కూడా చూడాలి. ఇల్లు కోటికి అమ్మి 60 లక్షల్లో లిఫ్ట్ ఉన్న రెండు పడకగదుల ఫ్లాట్ కొన్నారనుకుందాం. హైదరాబాద్‌లో అయినా విజయవాడలో అయినా స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 4.5 లక్షలు. బ్రోకరు కమీషన్, సామాను తరలింపు పోను చేతిలో 33–34 లక్షలు ఉంటాయి. అందులో 30 లక్షలు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 8.2 శాతానికి వేస్తే మూడు నెలలకోసారి 61,500, నెలకు 20,500 పడుతుంది. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నెలకు మూడున్నర వేలు తీసేసినా 17,000. అసలు 30 లక్షలు అలాగే ఉంటుంది. ఫ్లాట్ కూడా ఉంటుంది, అప్పు లేదు. ఆరు గదుల ఇల్లు ఆరుగురున్న కుటుంబానికి చేరుతుంది.

మూలధన లాభం పన్ను గురించి ముందే ఆడిటర్‌తో కూర్చోవాలి. అమ్మిన రెండేళ్లలోపు, లేదా అమ్మడానికి ఏడాది ముందు, మరో ఇల్లు కొంటే ఆ ఇంటికి పెట్టినంత మేరకు లాభానికి మినహాయింపు వస్తుంది. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి చూపడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, రెండు లెక్కలూ వేసి ఏది తక్కువైతే అది కట్టవచ్చు. 2001కి ముందు కట్టిన పాత ఇళ్లకు 2001 నాటి విలువ వేయించుకుంటే చాలాసార్లు పన్ను బాగా తగ్గుతుంది. పత్రంలో విదేశంలో ఉన్న కొడుకు పేరు కూడా ఉంటే అతని వాటా మీద కొన్నవాళ్లు పట్టుకునే టీడీఎస్ (డబ్బిచ్చేటప్పుడే కోసే పన్ను) చాలా ఎక్కువ. అమ్మకానికి ముందే తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి.

మూడో దారి డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం, అంటే స్థలం బిల్డర్‌కు ఇచ్చి ఫ్లాట్లు కట్టించి వాటా తీసుకోవడం. ఇళ్ల కొరతకు నిజంగా పనికొచ్చేది ఇదే, రెండు కాపురాల చోట ఎనిమిది పది కాపురాలు లేస్తాయి. కానీ కట్టే రెండు మూడేళ్లు అద్దె ఇంట్లో ఉండాలి, బిల్డర్ మధ్యలో ఆపేస్తే డెబ్బై అయిదేళ్ల వయసులో కోర్టు చుట్టూ తిరగాలి. వయసు 65 దాటాక ఒంటరిగా ఉన్నవాళ్లకు ఇది చెప్పదగ్గ సలహా కాదు.

అయినా రివర్స్ మార్ట్‌గేజే తీసుకుందామనుకునే వాళ్లకు మన రెండు రాష్ట్రాల్లో అడ్డం పడేది ఎక్కువగా కాగితాలే. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది. అంతకుముందు కొన్న స్థలమైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతిరాత ఈసీ తీయించాలి. లింక్ డాక్యుమెంట్లలో (పాత యజమానుల నుంచి చేతులు మారిన పత్రాల్లో) ఒక్కటి పోయినా బ్యాంకు ప్యానెల్ లాయరు ఆపేస్తాడు, సర్టిఫైడ్ కాపీ ముందే తెచ్చి పెట్టుకోవాలి. అసైన్డ్ భూమి, నోటరీ మీద కొన్న స్థలం అయితే అక్కడితో ఆగిపోతుంది. పంచాయతీ ప్లాన్ మీద కట్టి తర్వాత మున్సిపాలిటీలో కలిసిన ఇళ్లకు, అనుమతి లేకుండా పైన వేసిన అంతస్తుకు విలువ కట్టరు. కోటి అనుకున్న ఇల్లు వాల్యుయేషన్‌లో డెబ్బై లక్షలు కావడానికి తరచు కారణం ఇదే. తండ్రి నుంచి వచ్చిన ఇంట్లో అన్నదమ్ముల వాటా తేలకపోతే లోన్ ముందుకు కదలదు. పిల్లల పేరున గిఫ్ట్ డీడ్ రాసేసిన ఇంటికి లోన్ రాదు, ఎందుకంటే ఇల్లిప్పుడు మీది కాదు. చూసుకుంటారన్న షరతు మీద రాసిచ్చి, చూసుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయించుకోవచ్చు. అయితే ఆ షరతు పత్రంలోనే రాసి ఉండటం మేలు.

ఇంటి బీమాలో స్థలం విలువ కలపక్కర్లేదు. మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకు చేస్తే చాలు, 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీల దగ్గర ఒకే తరహా భారత్ గృహ రక్ష పాలసీ ఉంది. పన్ను రసీదులు, బీమా రెన్యూవల్ ఒకే ఫైల్లో పెట్టుకోవాలి, ఏటా ఒక జిరాక్సు బ్యాంకుకు ఇచ్చి సంతకం చేయించుకోవాలి. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళితే పదకొండో నెలలోపు తిరిగి రావాలి, ఏడాది దాటితే నోటీసు వస్తుంది.

పిల్లలు కూడా తెలుసుకోవాల్సింది ఒకటుంది. పెద్దవాళ్లు పోయాక తేల్చుకోవడానికి ఇచ్చే సమయం రెండు నెలల వరకు మాత్రమే. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కే వారాలు పట్టవచ్చు. విదేశం నుంచి పంపిన పవర్ ఆఫ్ అటార్నీకి అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అందుకే ఎవరు బాకీ కడతారు, లేక అమ్మేస్తారా అన్నది పెద్దవాళ్లు బతికుండగానే, అందరూ సంక్రాంతికి కలిసినప్పుడే తేల్చి రాసుకోవడం మంచిది.

ఎవరికి పనికొస్తుందంటే, 75 దాటినవాళ్లకు. 60 శాతం లెక్కన కోటి ఇంటికి పదేళ్ల గడువుతో నెలకు సుమారు 29,290 వస్తుంది, ఆ వయసులో ఇల్లు మారే శక్తి కూడా ఉండదు. పిల్లలు లేనివాళ్లకు, లేదా పిల్లలకు ఆ ఇంటి అవసరం లేనివాళ్లకు కూడా. ఇల్లు చిన్నదై, అద్దెకివ్వడానికి వేరే పోర్షన్ లేకపోతే ఇంకా బాగా కుదురుతుంది. అరవైల్లో ఉండి రెండంతస్తుల ఇల్లున్నవాళ్లు దీని జోలికి వెళ్లకుండా ముందు పై పోర్షన్ అద్దెకివ్వాలి, లేదా చిన్న ఇంటికి మారాలి. పథకానికి అయిదుకు రెండున్నర. అప్పు ఇంటి విలువ దాటదన్న రక్షణకు ఒకటిన్నర, పన్ను సౌలభ్యానికి ఒకటి.

నేషనల్ హౌసింగ్ బ్యాంక్ తలచుకుంటే ఒక్క పేరాతో సరిచేయవచ్చు. పెద్దవాళ్లు అదే ఇంట్లో ఉన్నంతకాలం, బ్యాంకు ముందుగా ఒప్పుకున్న నమూనాలో, 11 నెలల లైసెన్స్ ఒప్పందం (అద్దెదారు హక్కు పుట్టకుండా, ఉండటానికి మాత్రమే అనుమతినిచ్చే పత్రం) మీద మిగతా గదులు ఇవ్వవచ్చని రాస్తే చాలు. పెద్దవాళ్లు పోయిన రోజుతో ఆ ఒప్పందం ముగుస్తుందని అందులోనే ఒక వాక్యం ఉంటే బ్యాంకు భయం కూడా తీరుతుంది. రాష్ట్రాలు చిన్న ఇంటికి మారే అరవై దాటినవారికి 7.5 శాతంలో కొంత తగ్గిస్తే ఇంకొన్ని తాళాలు తెరుచుకుంటాయి.

అది వచ్చేదాకా సంతకం పెట్టేవాళ్లు చేయగలిగింది ఇది. మార్గదర్శకం తప్పుపట్టేది తనఖా భద్రతకు దెబ్బ తగిలేలా అద్దెకివ్వడాన్ని. కాబట్టి శాంక్షన్ లెటర్ రాకముందే, లైసెన్స్ ఒప్పందం ముసాయిదా జతచేసి, పై పోర్షన్ ఇచ్చుకోవడానికి అనుమతి కోరుతూ మేనేజర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి. ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకోవాలి. జవాబు నోటిమాటగా చెబితే ఒప్పుకోకుండా లోన్ షరతుల్లో చేర్చమనాలి. చేర్చమంటే కాదంటే, మరో బ్యాంకులో అదే దరఖాస్తు ఇచ్చి చూడాలి.